అంబులెన్సు కొని కారవాన్‌గా మార్చుకోవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌గా చేసి ఈ మధ్యే మానేశాను. నేనూ నా భార్యా బండిలోనే పడుకుంటూ, వండుకుంటూ 44వ జాతీయ రహదారి పట్టుకుని కాశ్మీరు దాకా, వీలైతే నేపాల్‌కూ వెళ్లి రావాలనుకుంటున్నాం. కొత్త కారవాన్ కొనే స్థోమత లేదు. కర్నూలులో ఒక కన్సల్టెన్సీ దగ్గర ప్రైవేటు ఆసుపత్రి వాడిన 2017 మోడల్ ఫోర్స్ ట్రావెలర్ అంబులెన్సు ఉంది. రూ.3.20 లక్షలు చెబుతున్నారు. ప్రభుత్వ వేలంలో వచ్చిన 2010 మోడల్ అంబులెన్సును లక్షన్నరకే ఇప్పిస్తానని ఇంకొకాయన అంటున్నాడు. ‘ఫారాల మీద సంతకాలున్నాయి, పేరు తర్వాత మార్చుకోవచ్చు’ అని ఇద్దరిదీ ఒకే మాట. ఏది కొనమంటారు? నాకున్న కారు లైసెన్సు సరిపోతుందా?

జవాబు: ముందు లక్షన్నర బండి సంగతి తేల్చేద్దాం. దాని జోలికి పోకండి. ప్రభుత్వ బండ్లకు 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయకూడదని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 52ఏ చేర్చారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. శాఖల బండ్లే కాదు, మున్సిపాలిటీలవి, ప్రభుత్వ రంగ సంస్థలవి కూడా దాని కిందికే వస్తాయి. గడువు దాటినవి గుర్తింపు ఉన్న తుక్కు కేంద్రానికి పోవాల్సిందే. 2010 మోడల్‌కు 2025తోనే ఆ గడువు తీరింది. గడువుకు ముందే ఎవరో వేలంలో పాడుకున్నారనే అనుకుందాం. సీ బుక్కులో ఇంకా శాఖ పేరే ఉందంటే, పాడుకున్నాయన వేలంలో కొన్న బండికి పెట్టే ఫారం 32 అర్జీ ఇచ్చి పేరు మార్పించుకోలేదన్నమాట. అలాంటాయన మీకు అమ్మగలిగేది ఇనుమే. కిలోల లెక్కన ఇస్తానంటే ఆలోచించండి.

ఇక కర్నూలు బండి. పేరు మార్పు ఫారాలైన 29, 30 మీద అమ్మేవారి సంతకం పెట్టించి, కొనేవారి గడి ఖాళీగా వదిలేసి బండ్లు చేతులు మార్చడం మన దగ్గర మామూలైపోయింది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం రాష్ట్రం లోపల అమ్మకమైతే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీఓకు తెలపాలి. పేరు మార్చుకోని బండి ప్రమాదం చేస్తే రికార్డులో ఎవరి పేరుంటే పరిహారం వారిదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ‘అయితే ఇరుక్కునేది ఆసుపత్రివాళ్లే కదా’ అనుకోకండి. బండి దొంగలపాలైనా, మీరే ఎక్కడైనా గుద్దుకున్నా బీమా సొమ్ము మీ చేతికి రాదు. బండి క్లాసు మార్చమని అర్జీ పెట్టే హక్కు కూడా పేరున్న ఓనరుకే. ఆ ఆసుపత్రి ట్రస్టుదో కంపెనీదో అయితే, ఫారాల మీద సంతకం చేసిన మనిషికి అమ్మే అధికారం ఇచ్చిన తీర్మానం నకలు కూడా తీసుకోండి. బండి మీద ఫైనాన్సు ఉంటే, అప్పు తీరిందని చూపే ఫారం 35, ఫైనాన్సు కంపెనీ ఎన్‌ఓసీ లేకుండా ముందడుగు వేయొద్దు.

మీరు అడగనిదీ, అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇంకొకటుంది. సీ బుక్కులో ‘వెహికల్ క్లాస్’ అనే గడి ఉంటుంది. అందులో అంబులెన్సు అని ఉంటే అది ట్రాన్స్‌పోర్ట్ బండి. వయసును బట్టి ఏడాదికో రెండేళ్లకో ఒకసారి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ పరీక్ష) చేయించాల్సిన బండి. అంబులెన్సు పనికి మాత్రమే తిరుగుతుంది కాబట్టే సెక్షన్ 66 దానికి పర్మిట్ అక్కర్లేదంది. మీరు స్ట్రెచర్ తీసి మంచం వేసుకున్న రోజున ఆ మినహాయింపు పోయినట్టే. దారిలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపితే పర్మిట్ లేని ట్రాన్స్‌పోర్ట్ బండి కింద కేసు రాయొచ్చు. సెక్షన్ 192ఏ కింద మొదటిసారికే జరిమానా రూ.10,000, జైలు ఆరు నెలల దాకా ఉంది.

దీనికి మందు క్లాసు మార్పించుకోవడం. రిజిస్ట్రేషన్ క్లాసుల్లో సొంత వాడకానికి క్యాంపర్ వ్యాన్ అనే నాన్ ట్రాన్స్‌పోర్ట్ క్లాసు ఉంది. మీ బండి చేరాల్సింది అక్కడికి. దారి మాత్రం ఇరుకు. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు, సీ బుక్కులోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని సెక్షన్ 52 అంటుంది. 2019 జనవరిలో కె.జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా బిగించింది. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని సెక్షన్ 182ఏ చెబుతుంది. ‘ఒక్కోదానికి’ అన్నారు, గుర్తుంచుకోండి. టాపుకు కంత పెట్టి ఫ్యాను బిగిస్తే ఒకటి, పక్క రేకు కోసి కిటికీ పెడితే ఇంకొకటి, అడుగున నీళ్ల ట్యాంకు వెల్డింగ్ చేస్తే మరొకటి.

అలాగని ప్రతి చిన్న సర్దుబాటూ నేరం కాదు. బండి నిర్మాణం మారి దాని మౌలిక స్వరూపమే మారిపోతే దాన్నే మార్పు అంటారని అదే సెక్షన్ వివరణలో ఉంది. మడిచే మంచం, ఎత్తి బయటపెట్టగల వంట పెట్టె, తాడుతో కట్టిన నీళ్ల క్యాను ఆ లెక్కలోకి రావని నా అభిప్రాయం. చిక్కేమంటే, వస్తువులు ఎంత విడిగా ఉన్నా క్లాసు గడిలో అంబులెన్సు అని ఉన్నంతకాలం పై తలనొప్పి అలాగే ఉంటుంది.

అందుకని పనుల వరస తిరగేయండి. కారవాన్‌లకు ఏఐఎస్-124 అని ఒక ప్రమాణం ఉంది. పుణేలోని ఏఆర్‌ఏఐ లాంటి పరీక్షా సంస్థ నుంచి ఆ ప్రమాణం కింద ధ్రువపత్రం పొందిన బాడీ బిల్డరును ముందు వెతకండి. ‘మీ సర్టిఫికెట్ ఇదే ట్రావెలర్ మోడల్‌కు, ఇదే వీల్‌బేస్‌కు (ముందు, వెనక చక్రాల మధ్య దూరానికి) వర్తిస్తుందా? వాడిన అంబులెన్సు బాడీ మీద చేసిస్తారా?’ అని రాతపూర్వకంగా అడగండి. అవునంటే ఆ పత్రాలతో అనంతపురం రవాణా శాఖ ఆఫీసులో ముందస్తు అనుమతికి అర్జీ పెట్టండి. అనుమతి వచ్చి పని అయ్యాక 14 రోజుల్లో బండి చూపించి సీ బుక్కులో ఎక్కించుకోవాలి. అంబులెన్సుగా ఉన్నప్పుడు ఏదైనా పన్ను రాయితీ వాడుకుని ఉంటే అది అప్పుడు బయటపడుతుంది. తేడా కట్టడానికి డబ్బు పక్కన పెట్టుకోండి. బిల్డరు కాదన్నాడా, ఈ బేరం అక్కడితో వదిలేయండి. అనుమతి లేకుండా మన ఊరి షెడ్డులో చేయించిన పని ఎంత నాణ్యంగా ఉన్నా రికార్డుకు ఎక్కదు. దానికంటే నాన్ ట్రాన్స్‌పోర్ట్ కింద ఉన్న పాత వ్యాను కొని, విడి సామానుతో తిరగడం మేలు. అందం తక్కువే, కానీ ఎవరు ఆపినా సీ బుక్కు ధైర్యంగా చూపించవచ్చు.

ఏ దారి పట్టినా సైరన్, టాపు మీది లైట్లు మొదటి రోజే తీయించండి. పలు స్వరాల హారన్ అంబులెన్సు, ఫైరింజన్, పోలీసు బండ్ల లాంటి కొన్నిటికే అని నియమం 119. బానెట్ మీద తిరగేసి రాసిన అక్షరాలు, ఎర్ర పట్టీ, ఆసుపత్రి పేరు కూడా గీకించేయండి. ఆ బండిని చూసి ఎవరో దారిస్తారు, ఎవరో రోగి కోసం చెయ్యెత్తి ఆపుతారు. రెండూ మీకు మంచివి కావు. అంబులెన్సుకు జాతీయ రహదారి మీద టోలు లేదు. పాత మినహాయింపు ఫాస్టాగ్ అద్దానికి అలాగే ఉంటే అమకతాడు గేటు దగ్గర హాయిగా దాటేయొచ్చు. సర్కారు సొమ్ము ఎగ్గొట్టారని ఆ రికార్డే తర్వాత మీకు ఎదురు తిరుగుతుంది. స్ట్రెచర్ కింది అరలో ఆక్సిజన్ సిలిండర్ ఉంటే ఆసుపత్రికే అప్పగించి రసీదు తీసుకోండి. పక్క డబ్బాల్లో వాడిన సూదులు మిగిలిపోతుంటాయి, చెయ్యి పెట్టే ముందు టార్చి వేసి చూడండి. వాటిని చెత్తలో పారేయడం 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నియమాలకు విరుద్ధం. తీయాల్సిన బాధ్యత అమ్మేవారిది.

లైసెన్సు గురించి దిగులు వద్దు. ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో, అంటే మీ కారు లైసెన్సుతోనే, 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండి నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ట్రావెలర్ ఆ బరువుకు చాలా లోపలే ఉంటుంది. బీమా పేరు మార్పుకు 14 రోజుల్లో అర్జీ పెట్టాలి. లోపల పొయ్యి, బ్యాటరీలు పెడుతున్నామని కంపెనీకి రాసి, ఒప్పుకున్నట్టు పాలసీ మీద ఎక్కించుకోండి. చెప్పకుండా పెట్టిన పొయ్యి వల్ల బండి కాలితే క్లెయిమ్ మీద ఆశ పెట్టుకోవద్దు.

44వ రహదారి ఢిల్లీ మీదుగా పోతుంది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఆ ప్రాంతంలో తిరగకూడదన్న హరిత ట్రైబ్యునల్ ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2018లో నిలబెట్టింది. పొగ కాలుష్య ప్రమాణాల్లో బీఎస్-4, ఆపై బండ్లకు 2025లో మధ్యంతర ఊరట ఇచ్చింది. మీ 2017 బండికి 2027లో పదేళ్లు నిండుతాయి. అది బీఎస్-3నా, బీఎస్-4నా అన్నది ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఇప్పుడే చూడండి. ఎఫ్‌సీ గడువు, చలాన్లు, ఫైనాన్సు కూడా అక్కడే కనబడతాయి. నేపాల్ సరిహద్దులో భన్సార్ (అక్కడి కస్టమ్స్ రుసుం) కట్టి బండి తీసుకెళ్లొచ్చు. మన పాలసీ దేశం దాటితే పనిచేయదు కాబట్టి, అదనపు ప్రీమియం కట్టి నేపాల్‌ను చేర్పించుకోండి.

అడ్వాన్సు అడుగుతున్నారంటే పది వేలకు మించి ఇవ్వకండి, అదీ చెక్కు రూపంలో. రసీదు మీద ఈ మాట రాయించండి: ‘బండిని క్యాంపర్ వ్యాన్‌గా మార్చడానికి రవాణా శాఖ ముందస్తు అనుమతి ఇవ్వకపోయినా, ఆసుపత్రి నుంచి నేరుగా కొనుగోలుదారు పేరు మీదికి మార్పిడి జరగకపోయినా, అడ్వాన్సు మొత్తం ఏడు రోజుల్లో తిరిగి ఇవ్వబడును.’ ఈ వాక్యం కింద సంతకం పెట్టడానికి కన్సల్టెన్సీ వెనకాడితే ఆ బండి వదిలి వేరేది చూసుకోండి.