ఎన్నారై సందేహాలు: ధర తగ్గింది కదా, ఇల్లు కొనేయొచ్చా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. టెక్సాస్‌లోని ఆస్టిన్ శివార్లలో నువ్వు చూసిన ఇల్లు 2022లో 5,50,000 డాలర్లు పలికింది, ఇప్పుడు 4,60,000కి ఇస్తామంటున్నారు. "ఇంత పడిపోయాక కూడా ధర ఎక్కువే అంటారా అక్కా?" అని అడిగావు. దాదాపు ఇదే మాట 2007 నవంబరులో మేం మా ఏజెంటుని అడిగాం. ఇంతకంటే తగ్గదు అని ఆవిడ చెప్పింది, మేం సంతకాలు పెట్టేశాం. ఆ సంతకాల బరువు దాదాపు పదకొండేళ్ళు మోశాం. అందుకే నీకు పొడిపొడిగా జవాబివ్వడం నాకు చేతకాదు. ముందు మా సంగతి విను.

మేం 2005లో అమెరికా వచ్చాం. అరిజోనాలో ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం, నెలకు 1,350 డాలర్లు. మా చుట్టూ ఉన్న తెలుగువాళ్ళందరూ ఇళ్ళు కొంటున్నారు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఒకటే మాట, అద్దె కట్టడమంటే బూడిదలో పన్నీరు పోయడమేనని. 2006 మధ్యలో అక్కడ ధరలు తారస్థాయికి చేరాయి. అప్పుడు మేం కొనలేదంటే తెలివితేటలు కాదు, చేతిలో డబ్బు లేదు. 2007 వచ్చేసరికి ప్రతి వీధిలోనూ అమ్మకం బోర్డులు కనపడ్డాయి. ముందు ఏడాది 3,60,000 అడిగిన ఇల్లు మాకు 3,10,000కి వచ్చింది. యాభై వేలు మిగిలాయన్న సంతోషంతో ఆ రాత్రి మావారికీ నాకూ నిద్ర పట్టలేదు.

మేం చేసిన పెద్ద పొరపాటు అదే. ధరని పాత ధరతో పోల్చాం. ఆ 3,60,000 న్యాయమైన ధర అని ఎవరు చెప్పారు? ఆ రోజుల్లో ఆదాయానికి రుజువు కూడా అడగకుండా, డౌన్ పేమెంట్ లేకుండా అప్పులిచ్చేవారు. ఆ అప్పులే ధరని అక్కడికి లేపాయి. అప్పు పుట్టడం ఆగిపోయేసరికి దాని కింద నేల లేదు. తిరనాళ్ళలో రెండింతలు చెప్పి సగం తగ్గించేవాణ్ణి చూసి మనం మోసపోము. అదే పని ఇంటి విషయంలో జరిగితే మాత్రం లాభం వచ్చిందనుకున్నాం.

పోల్చాల్సిన లెక్క మా కళ్ళెదుటే ఉంది. మేం అద్దెకున్న ఇల్లు, కొన్న ఇల్లు ఒకే బిల్డరు కట్టినవి, ఒకే ప్లాను, మధ్యలో రెండు వీధులు. ఏడాది అద్దె 16,200. కొన్న ధరని దానితో భాగిస్తే 19 పైచిలుకు వస్తుంది. అంటే పందొమ్మిదేళ్ళ అద్దె ఒక్కసారిగా చేతిలో పెట్టినట్టు. పది శాతం కట్టి, 2,79,000 అప్పు 6.25 శాతం వడ్డీకి ముప్పై ఏళ్ళకు తీసుకున్నాం. నెలకు 1,718. మొదటి నెల అందులో వడ్డీ 1,453, అసలు 265. దానిమీద ఇంటి పన్ను, ఇన్సూరెన్స్, ఇరవై శాతం కట్టనందుకు పీఎంఐ (అప్పిచ్చినవాడి రక్షణకు మనం కట్టే బీమా), హెచ్ఓఏ (కాలనీ సంఘం రుసుము) కలిపితే 2,300 దాకా తేలింది. రెండు వీధుల అవతల అదే ఇంట్లో ఉండటానికి 1,350 సరిపోయేది. నెలకు 950 ఎక్కువ కడుతూ, ఆస్తి కూడబెడుతున్నామని అనుకున్నాం.

రెండో పొరపాటు ఇంకా బాధ పెట్టింది. డౌన్ పేమెంటుకీ క్లోజింగ్ ఖర్చులకీ (కొనుగోలు పూర్తయ్యేటప్పుడు కట్టే ఫీజులు) ఉన్నదంతా ఊడ్చిపెట్టాం. తాళాలు చేతికొచ్చిన రోజున మా ఖాతాలో నాలుగు వేలు మిగిలాయి.

2009 ఫిబ్రవరిలో మావారి ప్రాజెక్టు మూసేశారు. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకి పని పోయాక దేశంలో ఉండటానికి ఇప్పుడున్న అరవై రోజుల గడువు అప్పట్లో లేదు, అది 2017 జనవరిలో వచ్చింది. అదృష్టం కొద్దీ మూడు వారాల్లో ఒహాయోలోని కొలంబస్‌లో పని దొరికింది. ఇల్లు అమ్మేద్దామంటే మా వీధిలో అలాంటిదే 1,90,000కి పోయింది. మా అప్పు ఇంకా 2,74,000 పైనే ఉంది. అమ్మాలంటే మేమే ఎనభై వేలకు పైగా ఎదురు తెచ్చి బ్యాంకుకి కట్టాలి. చేతిలో ఆరు వేలు లేవు. చివరికి 1,200కి అద్దెకిచ్చి, మిగతా 1,100 ప్రతి నెలా జేబులోంచి పెడుతూ, కొలంబస్‌లో ఒక చిన్న అపార్ట్‌మెంటులో ఉన్నాం. నాలుగేళ్ళు ఇండియా వెళ్ళలేదు. మా అమ్మాయి అమ్మమ్మని మొదటిసారి చూసింది ఐదో ఏట.

2011లో అదే వీధిలో అదే ప్లాను ఇల్లు 1,45,000కి అమ్ముడైంది. దేశం మొత్తం మీద ఇళ్ళ ధరలు కొలిచే కేస్-షిల్లర్ సూచీ శిఖరం నుంచి సుమారు 27 శాతం పడితే, ఫీనిక్స్, లాస్ వేగస్‌లలో సగానికి పైగా పడింది. మేం కొన్నది పతనం మొదలైన ఏడాదిన్నరకు, తగ్గిన ధరకే. అయినా అక్కణ్ణుంచి మళ్ళీ సగం పైన పోయింది. ఎంతోమంది తాళాలు బ్యాంకుకి ఇచ్చేసి వెళ్ళిపోయారు. మేం ఒక్క కిస్తు కూడా ఆలస్యం చేయలేదు. 2012లో ఇంటి విలువ అప్పు కంటే తక్కువున్నవాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన హార్ప్ పథకం కింద 4.25 శాతానికి రీఫైనాన్స్ (పాత అప్పు బదులు తక్కువ వడ్డీకి కొత్త అప్పు) దొరికాక కాస్త ఊపిరి ఆడింది. 2018లో 3,05,000కి అమ్మి, కమీషన్లు పోగా అప్పు తీర్చేసి బయటపడ్డాం. ఎవరి దగ్గరా చేయి చాపకుండా గట్టెక్కామని ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది. అంత కష్టం నీకు అక్కర్లేదని కూడా అనుకుంటాను.

ఇప్పుడు నీ లెక్క చూద్దాం. నువ్వు అద్దెకున్న ఇల్లు నువ్వు చూసిన ఇంటిలాంటిదే, అద్దె 2,100 అన్నావు. ఏడాదికి 25,200. 5,50,000ని దానితో భాగిస్తే దాదాపు 22. 4,60,000ని భాగిస్తే 18. తగ్గిన మాట నిజమే. మేం 2007లో కొన్నప్పటి 19కి అది ఎంత దగ్గరగా ఉందో చూడు. ఇరవై శాతం కట్టినా 3,68,000 అప్పు, ఆరున్నర శాతానికి కిస్తు 2,326. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదని సంతోషిస్తారు కానీ ఇంటి పన్ను గట్టిగానే ఉంటుంది. రెండు శాతం వేసుకున్నా నెలకు 767. ఇన్సూరెన్స్, హెచ్ఓఏ కలిపితే మొత్తం 3,400కి చేరుతుంది. అద్దెకంటే 1,300 ఎక్కువ. ఇంకా రిపేర్లు లెక్కలో వేయలేదు, డౌన్ పేమెంటు మీద నీకు రావాల్సిన వడ్డీ వేయలేదు. నా దృష్టిలో ఆ ధర ఇంకా ఎక్కువే. 4,00,000 దగ్గరైతే 16 కిందకి వస్తుంది, అప్పుడు ఆలోచించవచ్చు.

మరి ధర అక్కడిదాకా పడుతుందా అంటావు. 2008లా కూలుతుందని నేను చెప్పను. అప్పట్లో అమ్మక తప్పని స్థితిలో లక్షల మంది ఉన్నారు. ఇప్పుడు చాలామంది 2020, 2021లో మూడు శాతం దరిదాపుల్లో స్థిర వడ్డీకి అప్పు తీసుకుని కూర్చున్నారు. ఇంటి అప్పులు కొనే సంస్థ ఫ్రెడ్డీ మాక్ లెక్కలో ముప్పై ఏళ్ళ వడ్డీ 2021 జనవరిలో 2.65 శాతం, 2023 అక్టోబరులో 7.79 శాతం. మూడు శాతం వడ్డీతో 4,00,000 అప్పుకి నెలకు 1,686 అవుతుంది. అదే 1,686తో ఏడు శాతం వడ్డీ దగ్గర 2,53,000 అప్పే పుడుతుంది. కొనేవాడి శక్తి అంత తగ్గినా ఇళ్ళ ధరలు అంత తగ్గలేదు, ఎందుకంటే పాత అప్పు వదులుకుని అమ్మడానికి చాలామంది ముందుకు రావడం లేదు. అమ్మకాలే తగ్గిపోయాయి. బ్యాంకులు కూడా 2014 నుంచి తీర్చే స్తోమత చూడకుండా అప్పు ఇవ్వకూడదు. అందుకని ఈసారి ధర ఒక్కసారిగా కూలకుండా ఏళ్ళ తరబడి కదలక ఉండి, ఈలోపు జీతాలు, అద్దెలు దాన్ని అందుకోవచ్చు. కాగితం మీద ధర తగ్గనట్టే కనిపిస్తుంది, అసలు విలువ మాత్రం కరుగుతూ ఉంటుంది. అలాంటప్పుడు ఆగినవాడికి పెద్ద నష్టం లేదు.

వార్తల్లో వచ్చే సగటు ధరలు చూసి టెన్షన్ పడొద్దు. కేస్-షిల్లర్ అంకె మూడు నెలల సగటు, అదీ రెండు నెలలు ఆలస్యంగా వస్తుంది. నీకు కావాల్సింది నువ్వు కొనే వీధి సంగతి. ఎన్ని ఇళ్ళు ఎన్ని రోజులుగా అమ్మకానికి ఉన్నాయి, ఎన్నిసార్లు ధర తగ్గించారు, చివరికి ఎంతకు పోయాయి. దీని బదులు కొత్త ఇల్లు చూస్తే ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో. కొత్త ఇళ్ళ బిల్డర్లు ధర తగ్గించడానికి ఇష్టపడరు. వడ్డీ తగ్గిస్తామంటారు, క్లోజింగ్ ఖర్చులు మేమే పెట్టుకుంటామంటారు. నీకు ముప్పై వేలు కలిసొచ్చినా రికార్డులో మాత్రం పూర్తి ధరే పడుతుంది. పక్కింటి ధర చూసి నీ ఇంటికీ అంతే విలువ అనుకునేది ఆ రికార్డు చూసే. రేపు నువ్వు అమ్మబోతే ఆ రాయితీలు నీ దగ్గర ఉండవు. బిల్డరు ఎదురుగా కూర్చున్నప్పుడు అవన్నీ వద్దని, ఆ మొత్తం ధరలోనే తగ్గించమని అడుగు. వడ్డీ రేపు తగ్గితే రీఫైనాన్స్ చేసుకోవచ్చు. కొన్న ధరని మాత్రం మళ్ళీ మార్చలేవు.

ఇంటి పన్నులో కూడా కొత్తవాళ్ళు దెబ్బ తింటారు. కొత్త ఇంటికి మొదటి ఏడాది ఖాళీ స్థలం మీదే పన్ను వేసి ఉండొచ్చు. మరుసటి ఏడాది ఇంటితో కలిపి వేసేసరికి ఎస్క్రోలో (పన్నుకీ ఇన్సూరెన్స్‌కీ నెలనెలా డబ్బు పక్కన పెట్టే ఖాతా) లోటు పడి నెల కిస్తు వందల డాలర్లు పెరుగుతుంది. హోమ్‌స్టెడ్ మినహాయింపు (సొంతంగా ఉండే ఇంటికి పన్నులో ఇచ్చే తగ్గింపు), పీఎంఐ, వీసా గడువులు, వీటి వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి, చదువుకో.

నీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ధర కాదు. 92,000 డౌన్ పేమెంటు కట్టాక నా దగ్గర పది వేలు మిగులుతాయి అని ఒక్క వాక్యంలో రాసి ముందుకెళ్ళిపోయావు. నెలకు 3,400 కిస్తు ఉన్నవాడికి పది వేలంటే మూడు నెలలు కూడా కాదు. ఉద్యోగం పోతే నీకున్నది అరవై రోజులు. ఆ అరవై రోజుల్లో ఆస్టిన్‌లోనే పని దొరకాలి, లేదంటే ఇల్లు అద్దెకివ్వాలి, అదీ కుదరకపోతే అమ్మాలి. కమీషన్లూ ఖర్చులూ కలిపి ధరలో ఆరేడు శాతం పోతుందనుకో, అదే ముప్పై వేలు. నువ్వు ధర గురించి పది ప్రశ్నలు అడిగావు, ఈ పది వేల గురించి ఒక్కటీ అడగలేదు. 2007లో మేమూ అడగలేదు. ధర కాస్త ఎక్కువైనా, చేతిలో ఏడాది కిస్తులు ఉన్నవాడు నిలబడతాడు. మా వీధిలో 2009లో పోయిన ఇళ్ళు ధర పడ్డందుకు పోలేదు, నెల తిరిగేసరికి కట్టడానికి డబ్బు లేక పోయాయి. మాకంటే ఎక్కువ ధరకు కొన్న ఒక కుటుంబం బ్యాంకులో డబ్బు ఉంచుకున్నందుకు ఇప్పటికీ అదే ఇంట్లో ఉంది.

కొలంబస్‌లో 2015లో మేం రెండో ఇల్లు కొన్నప్పుడు ఇదే పద్ధతి పాటించాం. ధర ఏడాది అద్దెకు 14 రెట్లు, చేతిలో పద్నాలుగు నెలల కిస్తులు. అది దొరికేదాకా మూడేళ్ళు వెతికాం. పిల్ల స్కూలు మారుతుందేమోనని బెంగపడ్డాం కానీ ఆగాం.

కాబట్టి ఆ ఇంటికి 4,05,000 ఆఫర్ పెట్టు. నాలుగు నెలలుగా అమ్ముడుపోలేదన్నావు కాబట్టి అడగడానికి మొహమాటపడకు. ఇన్‌స్పెక్షన్ హక్కు (కొనేముందు ఇంటిని పరీక్ష చేయించుకునే హక్కు) మాత్రం వదులుకోకు. వాళ్ళు ఒప్పుకుంటే ఇరవై శాతం కట్టాక నీ దగ్గర ఎంత మిగులుతుందో నాకు రాయి. నలభై వేలకు తక్కువైతే అప్పుడు కూడా వద్దనే అంటాను. ఒప్పుకోకపోతే ఇంకో ఏడాది అద్దెకుండు. ఆస్టిన్‌లో ఈమధ్య అపార్ట్‌మెంట్లు చాలా కట్టారు, 2022 తర్వాత అక్కడ అద్దెలు కూడా దిగాయి. నీ లీజు ఆగస్టులో అయిపోతుందన్నావు కదా, ఆ 2,100 మీద సంతకం పెట్టేముందు రెండు వందలు తగ్గించమని అడిగి చూడు.