ఫిట్‌నెస్ ట్రైనర్ ఇంటర్వ్యూ: కండలకన్నా ముందు మీరు అడిగే ప్రశ్నలు చూస్తారు

ప్రశ్న: మాది ఉప్పల్. బీకాం పూర్తయింది. ఫిట్‌నెస్ ట్రైనర్ సర్టిఫికెట్ కోర్సు చేసి, ఇంటి దగ్గరి చిన్న జిమ్‌లో కొన్ని నెలలుగా ఫ్లోర్ చూసుకుంటున్నాను. వచ్చే వారం మాదాపూర్‌లో ఒక పెద్ద జిమ్‌లో ఇంటర్వ్యూ ఉంది. ప్రాక్టికల్ డెమో కూడా ఉంటుందన్నారు. నేను బాడీబిల్డర్‌లా ఉండను. ఇంగ్లిష్ అంతంతమాత్రమే. ఇది అసలు ఉద్యోగమేనా అని నాన్నగారు అంటున్నారు. ఏం అడుగుతారో, ఎలా ప్రిపేర్ కావాలో చెప్పండి సార్.

జవాబు: ముందు మీ ఒళ్లు గురించిన టెన్షన్ వదిలేయండి. జిమ్‌లో ఫిట్‌నెస్ మేనేజర్‌కి ఉండే భయం వేరు. ముక్కూమొహం తెలియని మనుషుల మోకాళ్లు, నడుములు, గుండెలు ఆయన మీ చేతికి అప్పగించబోతున్నాడు. పక్కన ఎవరూ లేకుండా ఒక మెంబర్‌ని గంటసేపు మీ దగ్గర వదలొచ్చా లేదా అన్నదే ఆయన తేల్చుకోవాల్సింది. అందుకే ఈ వారం మీ టైమంతా రెండు పనులకు ఇవ్వండి. కొత్తగా వచ్చిన మనిషిని ఏమేం అడగాలో నేర్చుకోండి. ఒక్క వ్యాయామాన్ని అసలేమీ రాని మనిషికి నేర్పడం సాధన చేయండి. మిగతావన్నీ వీటి తర్వాతే.

మొదటి పని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది అభ్యర్థులు ఇక్కడే దొరికిపోతారు. మేనేజర్ కొత్త మెంబర్‌లా నటిస్తూ మీ ఎదురుగా కూర్చుని ఇలా అంటాడనుకోండి: "నాకు 42 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రోజంతా కుర్చీలోనే. బీపీకి మాత్ర వేసుకుంటాను. అప్పుడప్పుడూ నడుము పడుతుంది. మూడు నెలల్లో పది కిలోలు తగ్గాలి. ఏం చేయిస్తావు?" వెంటనే "ట్రెడ్‌మిల్ అరగంట, తర్వాత క్రంచెస్" అని మొదలుపెట్టారంటే మీకు తెలిసిన వ్యాయామాలు ఎన్ని ఉన్నా లాభం లేదు. అక్కడ మీ నోటి నుంచి రావాల్సిన మొదటి మాట ఒక ప్రశ్న.

కెనడాలో తయారైన పార్-క్యూ అనే ప్రశ్నాపత్రం మీ కోర్సులో వచ్చే ఉంటుంది. అందులో ఏడు ప్రశ్నలు: గుండె జబ్బు లేదా బీపీ ఉందా, ఛాతీలో నొప్పి వస్తుందా, కళ్లు తిరగడం, స్పృహ తప్పడం ఉన్నాయా, ఇంకేదైనా దీర్ఘకాలిక జబ్బు ఉందా, దానికి మందులు వాడుతున్నారా, ఎముకలు, కీళ్లలో కదిలితే ముదిరే సమస్య ఉందా, డాక్టర్ పర్యవేక్షణలోనే వ్యాయామం చేయమని ఎవరైనా చెప్పారా. వీటిని ఫారం నింపినట్టు కాకుండా మామూలు మాటల్లో అడగడం అలవాటు చేసుకోండి. ఒక్కదానికి "అవును" అని వచ్చినా ఆగి, వివరం కనుక్కుని, అవసరమైతే డాక్టర్ దగ్గర ఓకే తెచ్చుకోమని మర్యాదగా చెప్పాలి.

ఆ 42 ఏళ్ల మనిషి దగ్గరికే వద్దాం. బీపీకి ఏ మాత్ర వేసుకుంటున్నారని అడగండి. అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ అయితే గుండె వేగం మామూలుగా పెరిగినంత పెరగదు. 220లోంచి వయసు తీసేసి, గరిష్ఠ గుండె వేగం 178 వచ్చిందని దాని ప్రకారం టార్గెట్ పల్స్ లెక్క కడితే ఆయన్ని అనవసరంగా తోముతారు. అలాంటివారికి మాట పరీక్ష పెట్టాలి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అది మధ్యస్థ తీవ్రత. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టనివ్వకూడదు, బీపీ ఒక్కసారిగా ఎగుస్తుంది. నడుము నొప్పి కాలిలోకి దిగుతోందా, తిమ్మిరి ఉందా అని అడగండి. ఉంటే ముందు డాక్టర్ చూడాల్సిందే. ఇక పది కిలోల సంగతి. వారానికి అరకిలో నుంచి కిలో వరకు తగ్గడం సురక్షితం అంటారు. పన్నెండు వారాలకు అది ఆరు నుంచి పన్నెండు కిలోలు. కాబట్టి "పది అసాధ్యం కాదు, కానీ ఏడెనిమిది అనుకుని మొదలుపెడదాం, నిద్ర, తిండి కూడా చూసుకోవాలి" అని చెప్పగలిగితే మీ మీద నమ్మకం అక్కడే కుదురుతుంది. ఇంకో మాట, ఆ మాత్ర మార్చమనిగానీ మానమనిగానీ పొరపాటున కూడా అనకండి.

రెండోది డెమో. ఎక్కువగా స్క్వాట్, పుషప్, డెడ్‌లిఫ్ట్, ల్యాట్ పుల్‌డౌన్ లాంటివి ఇస్తారు. మీరు ఎంత బరువు ఎత్తారో కాదు, ఎదుటివాడి చేత ఎలా చేయించారో చూస్తారు. స్క్వాట్ అన్నారనుకోండి. బార్ జోలికి వెళ్లొద్దు. ఒక బాక్సో బెంచో తెచ్చి వెనక పెట్టి, "దీని మీద కూర్చుని లేవండి" అనండి. ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి చూడండి. అప్పుడు ఒకే ఒక్క సవరణ చెప్పండి. "మడమలు లేవనీయకండి" అనో, "మోకాళ్లు లోపలికి వస్తున్నాయి, కాలి వేళ్ల వైపు ఉంచండి" అనో. అది కుదిరాక రెండోది. డెమోలో నేను ఎక్కువగా వినే ఫిర్యాదు ఏమిటంటే, కుర్రాళ్లు తమకు తెలిసిందంతా ఒకే ఊపిరిలో చెప్పేస్తారు, పాపం ఎదుటి మనిషి వంగాలో లేవాలో తెలియక నిలబడిపోతాడు. లేచేటప్పుడు ఊపిరి వదలమని గుర్తు చేయండి. భుజం మీదో నడుము మీదో చెయ్యి వేయాల్సి వస్తే "పట్టుకోవచ్చా?" అని అడిగాకే వేయండి. మహిళా మెంబర్ అయినా, మగవారైనా ఇదే పద్ధతి. ఈ ఒక్క ప్రశ్న చాలా జిమ్‌లలో మార్కులు తెచ్చిపెడుతుంది.

డెమో మధ్యలో "మోకాలు కాలి వేళ్లు దాటకూడదు కదా?" అని మెలిక పెట్టొచ్చు. ఆరోగ్యంగా ఉన్న మోకాలికి దాటడమే ప్రమాదం కాదు, తొడలు పొడవుగా ఉన్నవాళ్లకు దాటక తప్పదు, నొప్పి ఉంటే మాత్రం లోతు తగ్గించి చూస్తాను అని చెప్పండి. అలాగే అదే వ్యాయామాన్ని కొంచెం తేలిక చేయమంటే ఏం చేస్తారో, కష్టం చేయమంటే ఏం చేస్తారో ఆలోచించి పెట్టుకోండి. స్క్వాట్‌కి బాక్స్ ఎత్తు పెంచడం, తగ్గించడం, తర్వాత డంబెల్ పట్టించడం. పుషప్‌కి గోడ, బెంచ్, నేల. ఇంట్లో అమ్మనో తమ్ముణ్నో పెట్టుకుని రోజూ సాధన చేయండి. మీ చిన్న జిమ్‌లో కొత్తగా చేరినవాళ్లు దొరికితే ఇంకా మంచిది.

థియరీ గురించి ఎక్కువ బెంగ అక్కర్లేదు. ప్రధాన కండరాల పేర్లు, అవి చేసే పని తెలియాలి. తొడ ముందుండే క్వాడ్రిసెప్స్ మోకాలిని చాస్తుంది, తొడ వెనకుండే హామ్‌స్ట్రింగ్స్ మడుస్తాయి, భుజంలో రొటేటర్ కఫ్ అంటే నాలుగు కండరాలు, ఇంతమటుకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు గుర్తుంచుకోండి: పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, దానితో పాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలం పెంచే వ్యాయామం. పొట్ట వ్యాయామాలు చేస్తే పొట్ట దగ్గరి కొవ్వే కరుగుతుందా, ఆడవాళ్లు బరువులెత్తితే మగవాళ్లలా అయిపోతారా, ఎక్కువ చెమట పడితే ఎక్కువ కొవ్వు పోయినట్టా? ఈ మూడింటికీ జవాబు "కాదు". ఎందుకు కాదో రెండేసి వాక్యాల్లో చెప్పడం వచ్చి ఉండాలి.

తిండి విషయంలో మాత్రం జాగ్రత్త. హైదరాబాద్‌లో ఉండి ట్రైనర్ కావాలనుకునేవాళ్లు జాతీయ పోషకాహార సంస్థ, అదే మన తార్నాక ఎన్‌ఐఎన్, 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు చదవకపోతే నాకు బాధగా ఉంటుంది. మీ ఉప్పల్ నుంచి కూతవేటు దూరంలో ఉన్న సంస్థ, పుస్తకం ఆన్‌లైన్‌లో ఉచితం. ఐసీఎంఆర్-ఎన్‌ఐఎన్ లెక్కలో మామూలు పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. అంటే 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. గట్టిగా ట్రైనింగ్ చేసేవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ కావాలి. దాన్ని పప్పు, పెరుగు, గుడ్డు, చికెన్, శనగలతో ఎలా నింపుతారో చెప్పండి. గుడ్డులో ఆరు గ్రాముల దాకా ఉంటుంది. "ఏ పౌడర్ వాడమంటావు?" అని అడిగితే డబ్బా పేరు చెప్పడానికి తొందరపడొద్దు, ముందు పళ్లెంలో ఏముందో అడుగుతానని చెప్పండి. స్టెరాయిడ్ల మాట ఏ రూపంలో వచ్చినా ఒకటే జవాబు: ఇవ్వను, చెప్పను, ఎక్కడ దొరుకుతాయో చూపించను. షుగర్, కిడ్నీ సమస్యలున్నవారికి డైట్ చార్ట్ రాయడం మీ పని కాదు, డైటీషియన్ దగ్గరికి పంపుతానని చెప్పండి. మీ పని హద్దు మీకు తెలుసని తెలియడం ఇంటర్వ్యూలో బలహీనత అనిపించుకోదు.

షుగర్ అన్నాను కాబట్టి ఒక విషయం. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహులున్నారని చెప్పింది. మీ ఫ్లోర్ మీద వాళ్లు తప్పకుండా ఉంటారు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు వ్యాయామం మధ్యలో షుగర్ పడిపోవచ్చు. చేతులు వణకడం, చల్లటి చెమట, తికమకగా మాట్లాడటం కనిపిస్తే వ్యాయామం ఆపి, స్పృహలో ఉంటే గ్లూకోజ్ లేదా పంచదార నీళ్లు ఇవ్వాలి. ఎవరైనా కుప్పకూలి ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయించి సీపీఆర్ మొదలుపెట్టాలి: నిమిషానికి 100 నుంచి 120 చొప్పున, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుగా ఛాతీ నొక్కడం, ప్రతి 30 నొక్కులకు రెండు శ్వాసలు. చదివితే చాలదు, బొమ్మ మీద చేసి ఉండాలి. మీ సీపీఆర్ కార్డు గడువు చూసుకోండి, సాధారణంగా రెండేళ్లే ఉంటుంది. ఏస్, నాస్మ్ అనే అమెరికా సంస్థలు ఇచ్చే ట్రైనర్ సర్టిఫికెట్లకు కూడా రెండేళ్లకోసారి రెన్యువల్ తప్పదు.

ఇంగ్లిష్ సంగతి. మాదాపూర్ జిమ్‌లలో వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి తెలుగు ఒక్కటే సరిపోదు, నిజమే. కానీ మన హైదరాబాదీ హిందీ మీకు వచ్చు కదా, సగం పని అయిపోయింది. ఇంగ్లిష్‌లో పరిచయానికి నాలుగు వాక్యాలు, డెమోకి పది పన్నెండు చిన్న ఆదేశాలు రాసుకుని బిగ్గరగా చెప్పుకోండి. మధ్యలో మాట తట్టకపోతే "తెలుగులో చెప్పొచ్చా?" అని అడిగి కొనసాగించండి. బట్టీపట్టిన ఇంగ్లిష్‌తో ఆగిపోయేకంటే అది ఎంతో నయం.

పర్సనల్ ట్రైనింగ్ అమ్మగలరా అని కూడా చూస్తారు. మేనేజర్ మెంబర్‌లా నటిస్తూ "నాకు పీటీ ఎందుకు, యూట్యూబ్ చూసి చేసుకుంటా" అంటే వాదనకు దిగకండి, భయపెట్టకండి. ఏం చేస్తున్నారో ఒక సెట్ చూపించమని, ఒక్క సవరణ చేసి తేడా ఆయనకే తెలిసేలా చేయండి. మీ పాత జిమ్‌లో ఇద్దరు ముగ్గురికి మీరు ఏం చేయించారో, ఎంతకాలంలో ఏం మారిందో నిజంగా చెప్పండి. వాళ్ల ఫొటోలు మాత్రం అనుమతి లేకుండా చూపించొద్దు.

నాన్నగారి అనుమానం అర్థం చేసుకోదగ్గదే. నెలనెలా జీతం ఒకేలా వస్తుందా, నలభై ఏళ్లు వచ్చాక ఏమిటి అన్నది ఆయన బెంగ. పాతబస్తీలో కుస్తీ నేర్పే తాలీంలలో, బార్కస్‌లో పహిల్వాన్లను తీర్చిదిద్దిన ఉస్తాద్‌లకు ఈ ఊళ్లో ఎప్పుడూ గౌరవం ఉంది. కానీ గౌరవం గురించి చెబితే ఆయనకు సమాధానం దొరకదు. ఫ్లోర్ ట్రైనర్ నుంచి పీటీ, సీనియర్ ట్రైనర్, ఫిట్‌నెస్ మేనేజర్ దాకా మెట్లున్నాయి. వృద్ధులకో, ప్రసవం తర్వాత తల్లులకో, క్రీడాకారులకో ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చే కోర్సులూ ఉన్నాయి. రెండు మూడేళ్లకు మీ ప్లాన్ కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. అదే ప్లాన్ "ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటారు?" అన్న ప్రశ్నకూ పనికొస్తుంది.

ఇంటర్వ్యూ రోజు ట్రాక్ ప్యాంట్, చేతులున్న టీషర్ట్, శుభ్రమైన షూ. గోళ్లు కత్తిరించుకోండి. డెమోకి రెండు గంటల ముందు తేలిగ్గా తినండి.

చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అన్నప్పుడు "ఏం లేదు సార్" అనొద్దు. ఫిక్స్‌డ్ జీతం ఎంత, పీటీ ఇన్సెంటివ్ ఎంత శాతం, అది ప్యాకేజీ అమ్మినప్పుడే ఇస్తారా, సెషన్లు పూర్తయ్యాక ఇస్తారా, టార్గెట్ అందకపోతే జీతం కోస్తారా అని అడగండి. పీఎఫ్ ఉందో లేదో కనుక్కోండి. నెల జీతం 21,000 లోపు అయితే ఈఎస్‌ఐ గురించి కూడా అడగండి. షిఫ్ట్ విషయం మీకు మరీ ముఖ్యం. చాలా జిమ్‌లలో పొద్దున నాలుగైదు గంటలు, మళ్లీ సాయంత్రం నాలుగైదు గంటలు డ్యూటీ. ఉప్పల్ నుంచి రాయదుర్గం వైపు మెట్రో ఉన్నా అది ఐదున్నరకి జిమ్ తెరవడానికి అందదు, మధ్యాహ్నం ఇంటికొచ్చి మళ్లీ వెళ్లడమూ కష్టమే. పూర్తి మార్నింగ్ షిఫ్ట్ దొరుకుతుందా, లేక దగ్గర్లో రూమ్ తీసుకోవాలా అన్నది ఆఫర్‌కి ఒప్పుకునే ముందే లెక్క వేసుకోండి. బాండ్ ఉందంటే ఎన్ని నెలలు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో రాతపూర్వకంగా తీసుకోండి. సర్టిఫికెట్లు జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోండి.