సమీకరణం చెప్పేది గ్రాములు కావు

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరులో ఫస్ట్ పీయూసీ (ఇంటర్ మొదటి ఏడాది) చదువుతున్నాడు. పదో తరగతిలో లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి. ఇప్పుడు భౌతిక, రసాయన శాస్త్రాల హోంవర్కులో మాత్రం సూత్రం సరిగా రాసి కూడా జవాబు తప్పు తెస్తున్నాడు. రెండు లెక్కలున్న పేజీలు పంపుతున్నాను. ట్యూషన్ పెట్టించమంటారా? – ఒక తల్లి, మారతహళ్లి

జవాబు: అమ్మా, మీరు పంపిన పేజీల్లో గుణకారం, భాగహారం ఎక్కడా తప్పలేదు. మొదటి లెక్కలో గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బస్సు బ్రేకు వేశాక, వేగం ఒకే తీరున తగ్గుతూ 5 సెకన్లలో ఆగింది. సరాసరి వేగం 18 అని సరిగానే పట్టుకున్న మీవాడు, దాన్ని నేరుగా 5తో హెచ్చవేసి 90 మీటర్లన్నాడు. అంత దూరం కావలసి వస్తే మీ ఊళ్లో ఏ బస్సూ స్టాపులో ఆగలేదు! గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు, సరాసరి 5 మీటర్లు, కనుక బస్సు 25 మీటర్లలో ఆగుతుంది. ఆ పేజీలో ‘మీ.’ అన్నది చివరి వరుసలోనే, అదీ తర్వాత ఇరికించినట్టు ఉంది.

రెండోది ఇంకా ఆలోచించదగ్గది. 50 గ్రాముల స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేట్‌ను పూర్తిగా విఘటనం చెందేవరకు వేడిచేస్తే ఎంత కార్బన్ డయాక్సైడ్ వస్తుందని అడిగారు. సమీకరణంలో ఒక కాల్షియం కార్బొనేట్‌కు ఒక కార్బన్ డయాక్సైడ్ ఉంది కాబట్టి 50 గ్రాములని రాశాడు. పదార్థమంతా వాయువుగానే పోతే మూసలో మిగిలే పొడిసున్నం ఎక్కడిదని వాణ్ణే అడగండి. సమీకరణం లెక్కపెట్టేది మోల్‌లను, అంటే డజను లాగా నిర్ణీత సంఖ్యలో కణాలున్న కట్టలను. కాల్షియం 40, కార్బన్ 12, మూడు ఆక్సిజన్‌లకు 48 కలిపితే కాల్షియం కార్బొనేట్ ఒక మోల్ 100 గ్రాములు. 50 గ్రాములు అర మోల్. దాని నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడూ అర మోలే, కానీ ఒక మోల్ 44 గ్రాములు కాబట్టి బరువు 22 గ్రాములే. మూసలో 28 గ్రాముల పొడిసున్నం మిగులుతుంది. రెండూ కలిపితే మళ్లీ 50.

ఈపాటి దానికి ట్యూషన్ అక్కరలేదని నా అభిప్రాయం. ఒక నెల పాటు ప్రతి వరుసలోనూ అంకె పక్కనే దాని ప్రమాణాన్నీ, రసాయన శాస్త్రంలోనైతే ఏ పదార్థానిదో ఆ పేరునూ రాయించి, ప్రమాణాల కొట్టివేతలు రఫ్‌లో కాక నోటుపుస్తకంలోనే చేయించండి. ముందుగా ఈ రెండు లెక్కలనే, జవాబులు మూసిపెట్టి, మళ్లీ చేయమనండి.