కాలేజీ ఎస్‌ఏఈ (ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘం) క్లబ్‌లో చేరితే బాహా అంటున్నారు, అందులో ఏం చేయాలి?

ఒక్కరే కూర్చునే, రాళ్లూ బురదా తట్టుకునే బండిని విద్యార్థులే డిజైన్ చేసి, తయారు చేసి, నడిపే పోటీ ఇది. అమెరికాలో 1976లో మొదలైంది. మన దేశంలో 2007 నుంచి ఎస్‌ఏఈ ఇండియా నిర్వహిస్తోంది. మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్ దీనికి బాగా పేరున్న వేదిక.

రేసు ఒక్కటే అనుకోవద్దు. డిజైన్ మీద, ఖర్చు లెక్కల మీద జడ్జీలు గుచ్చి గుచ్చి అడుగుతారు. తర్వాత తనిఖీ: బ్రేకు వేస్తే నాలుగు చక్రాలూ లాక్ అవ్వాలి, లేదంటే ట్రాక్ మీదికి పంపరు. నన్నడిగితే అసలు టెన్షన్ అక్కడే. చివర్లో బండి ఎంతవరకు తట్టుకుంటుందో తేల్చే 4 గంటల ఎండ్యూరెన్స్ రేసు ఉంటుంది.

డ్రైవింగ్ రాకపోయినా చేరొచ్చు. స్పాన్సర్లను వెతకడానికి, బిల్లులు చూసుకోవడానికి కూడా మనుషులు కావాలి (ఆ పనికి ముందుకొచ్చేవాళ్లే తక్కువ).