మధ్యయుగ స్త్రీల మీద పీహెచ్‌డీ చేయొచ్చా?

ప్రశ్న: ఎంఏ ఇంగ్లిష్ చివరి ఏడాదిలో ఉన్నాను. మధ్యయుగ యూరప్ స్త్రీల మీద విదేశంలో పీహెచ్‌డీ చేయాలని కోరిక. ఈ రంగంలో స్త్రీవాద పరిశోధకులకు చోటుందా? ఉద్యోగం రాదేమోనని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు.

జవాబు: చోటుంది. దాన్ని వాళ్లే కష్టపడి సంపాదించుకున్నారు. 1980ల మధ్యలో అమెరికాలో కొద్దిమంది అధ్యాపకులు ‘మెడీవల్ ఫెమినిస్ట్ న్యూస్‌లెటర్’ మొదలుపెట్టారు. అదే ఇప్పుడు ‘మెడీవల్ ఫెమినిస్ట్ ఫోరమ్’ అనే పరిశోధన పత్రిక. దాన్ని నడిపే సొసైటీ ఫర్ మెడీవల్ ఫెమినిస్ట్ స్కాలర్‌షిప్, ఏటా మే నెలలో మిషిగన్‌లోని కలమజూలో జరిగే పెద్ద సదస్సులో చర్చలు ఏర్పాటు చేస్తుంది. గైడ్‌గా ఎవరు సరిపోతారో ముందు అక్కడే వెతకండి.

అయితే ఆసక్తి ఒక్కటే చాలదు. పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లిష్ కవి చాసర్ సంగతే చూడండి. సిసిలీ షాంపేన్ అనే స్త్రీ అతన్ని ‘రాప్టస్’ విషయంలో బాధ్యత నుంచి తప్పిస్తున్నట్టు 1380 నాటి లాటిన్ పత్రం ఒకటుంది. ఆ మాటకు అర్థం అత్యాచారమా, అపహరణా అని దశాబ్దాల పాటు వాదనలు నడిచాయి. 2022లో బయటపెట్టిన పత్రాలను బట్టి, అది ఆమె ఒక యజమాని దగ్గర పని మానేసి చాసర్ దగ్గర చేరడం మీద నడిచిన కూలి చట్టం కేసు అని తెలిసింది. ఆ పత్రాలు వెలువడిన పరిశోధన పత్రిక సంచికలోనే స్త్రీవాద పరిశోధకులూ రాశారు. పనివాళ్లయిన స్త్రీల బతుకు గురించి అడగాల్సిన ప్రశ్నలు ఇంకా మిగిలే ఉన్నాయి. కానీ ఆ చర్చలో మాట్లాడాలంటే లాటిన్ రావాలి, పాత చేతిరాతలు చదవడం రావాలి. ఈ రెండూ ఈ ఏడాదే మొదలుపెట్టండి. నా సలహాల్లో ముఖ్యమైనది ఇదే.

ఇంట్లోవాళ్ల భయం న్యాయమైనదే. శాశ్వత అధ్యాపక ఉద్యోగాలు చాలా తక్కువ. అందుకే ఫీజు, జీవన ఖర్చు రెండూ ఇచ్చే సీటు వస్తేనే వెళ్లండి, అప్పు చేసి మాత్రం వద్దు. పాత లిపులు చదవగలిగితే ఆర్కైవ్స్, గ్రంథాలయాలు, ప్రచురణ రంగంలోనూ ప్రయత్నించవచ్చు. మధ్యయుగ ఇంగ్లండ్ స్త్రీ మార్జరీ కెంప్ ఆత్మకథ రాతప్రతిని 1934లో గుర్తుపట్టిన పరిశోధకురాలు హోప్ ఎమిలీ అలెన్‌కు యూనివర్సిటీ ఉద్యోగమే లేదు. ఆమె పేరు ఇంట్లో చెప్పండి. అయితే నిధులున్న సీటు గురించి అంతకన్నా ముందు చెప్పండి.