పర్యావరణాన్ని ప్రేమించే కథానాయిక ఉన్న మాంగా (జపాన్ బొమ్మల కథ) ఏదైనా చదివారా? మీకేమనిపించింది?

చదివాను. జపాన్ యానిమేషన్ దర్శకుడు హయావో మియజాకి రాసి, గీసిన ‘నౌషికా ఆఫ్ ది వ్యాలీ ఆఫ్ ది విండ్’. దీని ఆధారంగా 1984లో వచ్చిన సినిమా చాలామందికి తెలుసు. మాంగా 1982లో మొదలై, మధ్యమధ్యలో ఆగుతూ 1994లో పూర్తయింది. మొత్తం ఏడు సంపుటాలు. సినిమాలో ఉన్నది దాదాపు మొదటి రెండింటి కథే. ఇంగ్లీషు అనువాదంలో చదివాను.

మహాయుద్ధంలో భూమి విషమయమైపోయిన వెయ్యేళ్ల తర్వాత జరిగే కథ ఇది. విషం చిమ్మే బూజు అడవి ఊళ్లను మింగేస్తూ వస్తుంటుంది. అందరికీ ఆ అడవంటే భయం. కథానాయిక నౌషికా మాత్రం దాని విత్తనాలు ఏరుకొచ్చి, కోట అడుగున ఒక రహస్యపు గదిలో శుభ్రమైన నీళ్లు పెట్టి పెంచుతుంది. అక్కడ ఆ మొక్కలు విషం చిమ్మవు. అంటే విషమంతా మట్టిలోనే ఉంది, దాన్ని పాడుచేసింది మనుషులు.

ఇది చదివినప్పుడు నాకు మా ఊరి చెరువు గుర్తొచ్చింది. ఫ్యాక్టరీ నీళ్లు కలవడం మొదలయ్యాక అందులో చేపలు తినడం మానేశాం. గుర్రపుడెక్క మాత్రం ఒడ్డు నుంచి ఒడ్డుకి అల్లుకుపోయింది. దాన్ని తిట్టనివాళ్లు లేరు. నీళ్లలోని సీసం, కాడ్మియం లాంటి లోహాలను వేళ్లతో లాక్కునే మొక్క కూడా అదే. జపాన్‌లో పాదరసం కలిసిన మినమాటా అఖాతంలో చేపలు పట్టడం ఆపేశాక అవి బాగా పెరిగాయని విని కదిలిపోయానని మియజాకి చెప్పారు. ఈ కథకు ఒక ప్రేరణ అదే.

నౌషికా అడవికి దండం పెట్టి ఊరుకునే మనిషి కాదు. మొదట్లోనే, ఓము అనే భారీ పురుగు విడిచిన పెంకు కనబడితే, ఊరికి పనికొస్తుందని దాని కంటిపొరను తుపాకిమందు పెట్టి ఊడదీస్తుంది. కాసేపటికి అదే పొర కింద పడుకుని, మంచులా రాలే బీజాలను చూస్తూ ఉండిపోతుంది. నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది అక్కడే.

ముగింపు చెప్పకుండా నా అభిప్రాయం చెప్పలేను. చదవబోయేవాళ్లు ఈ పేరా దాటేయండి. భూమిని శుభ్రం చేయడానికి ఆ అడవిని తయారుచేసింది పాతకాలపు మనుషులే. ఇప్పటివాళ్ల శరీరాలను కూడా విషానికి తట్టుకునేలా మార్చేశారు. అందుకే పూర్తిగా శుభ్రమైన గాలిలో వీళ్లు బతకలేరు. ఆ శుభ్రమైన లోకం కోసం దాచిన కొత్త మనుషుల గుడ్లు షువా అనే నగరంలోని పాతకాలపు సమాధిలో ఉంటాయి. నౌషికా ఆ సమాధిని కూల్చేయిస్తుంది. ఆ గుడ్ల విషయంలో ఆమె చేసింది సరైనదని నేను ఇప్పటికీ అనలేను. కానీ విషంలోనే పుట్టి, దగ్గుతూ పంటలు పండించుకుంటున్నవాళ్లను తాత్కాలికపు సరుకుగా లెక్కగట్టిన పథకాన్ని ఆమె ఒప్పుకోకపోవడం మాత్రం నాకు పూర్తిగా అర్థమైంది. మా చెరువు పక్కన బతికేవాళ్లను ‘ఖాళీ చేయిస్తే సరి’ అనే మాట నేనూ విన్నాను.

సినిమాతో ఆగిపోకుండా మాంగా చదవండి. పేజీ నిండా సన్నని గీతలుంటాయి, తొందరపడితే సగం బొమ్మ కంటబడదు. యుద్ధం, చావులు చాలా ఉన్నాయి కాబట్టి పిల్లలకు ఇచ్చే ముందు మీరు ఒకసారి చూసుకోండి.