మీ ప్రశ్నలు – మా జవాబులు: ఆ యుద్ధంలోకి ఎవరు ఎందుకు దిగారు?

ఈసారి మొదటి ప్రపంచ యుద్ధం మీద చాలా ప్రశ్నలొచ్చాయి, అందుకే మిగతావి వచ్చే నెలకి పెట్టేసి ఇవే తీసుకున్నా.

ప్రశ్న: ఎక్కడో ఒక యువరాజుని ఎవరో కాల్చేస్తే ప్రపంచమంతా కొట్టుకోవడం ఏంటండీ? స్కూల్లో చదివినప్పటి నుంచీ నాకిది నమ్మబుద్ధి కాదు.

జవాబు: నమ్మబుద్ధి కాకపోవడానికి కారణం ఉంది, మధ్యలో నెల రోజుల కథని స్కూల్ పుస్తకాలు వదిలేస్తాయి. 1914 జూన్ 28న బోస్నియాలోని సరయేవోలో ఆస్ట్రియా-హంగరీ యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌నీ ఆయన భార్య సోఫీనీ గవ్రీలో ప్రిన్సిప్ అనే 19 ఏళ్ళ కుర్రాడు కాల్చి చంపాడు, నిజమే, కానీ మర్నాడే యుద్ధం మొదలవలేదు. ఆ హత్య వెనక పక్కనున్న సెర్బియా హస్తం ఉందని ఆస్ట్రియా అనుమానం, జూలై మొదటి వారంలో ఆస్ట్రియా వాళ్ళు జర్మనీని అడిగారు, మేం సెర్బియా మీద పడితే మా వెనక ఉంటారా అని, ఏం చేసినా ఉంటాం అని జర్మనీ మాటిచ్చేసింది. నన్నడిగితే అసలు నిప్పు అక్కడ అంటుకుంది. జూలై 23న 48 గంటల గడువుతో సెర్బియాకి అల్టిమేటం, అంటే డిమాండ్ల చిట్టా, వెళ్ళింది, వాళ్ళు చాలావాటికి ఒప్పుకున్నారు, అయినా సరిపోలేదన్నారు, 28న యుద్ధం ప్రకటించారు.

ఇక అక్కడి నుంచి వారం రోజుల్లో అంతా అయిపోయింది. సెర్బియాకి అండగా రష్యా సైన్యాన్ని కదిలించింది, ఆగస్టు 1న జర్మనీ రష్యా మీద, 3న ఫ్రాన్స్ మీద యుద్ధం ప్రకటించింది. గొడవేమో తూర్పున ఉన్న రష్యాతో, మరి పడమరనున్న ఫ్రాన్స్ మీదకెందుకు వెళ్ళారంటే ఫ్రాన్స్ రష్యాకి మిత్రదేశం, జర్మన్ జనరల్స్ దగ్గరున్న ప్లానే అది, ముందు ఫ్రాన్స్‌ని చకచకా ఓడించేసి తర్వాత రష్యా వైపు తిరగాలని, దానికి దారి బెల్జియం మీదుగా. బెల్జియం ఎవరి పక్షమూ కాదని 1839లో పెద్ద దేశాలన్నీ సంతకాలు పెట్టిన ఒప్పందం ఉంది, 4న జర్మనీ సైన్యం ఆ సరిహద్దు దాటగానే బ్రిటన్ కూడా దిగింది. బ్రిటన్‌కి ఒప్పందం మీద గౌరవం ఎంతుందో గానీ జర్మనీ నౌకాదళం పెరిగిపోతోందన్న భయం మాత్రం చాలా ఏళ్ళుగా ఉంది.

ఇంకో సంగతి, వీళ్ళంతా చుట్టాలు! బ్రిటన్ రాజు ఐదో జార్జికి జర్మనీ చక్రవర్తి విల్‌హెల్మ్ సొంత మేనత్త కొడుకు, రష్యా జార్ నికొలస్ పిన్ని కొడుకు. విల్‌హెల్మూ నికొలసూ చివరి రోజుల్లో కూడా ఒకరికొకరు టెలిగ్రాములు పంపుకుంటూనే ఉన్నారు, అయినా ఆపలేకపోయారు.

ప్రశ్న: ఇటలీ జర్మనీ వైపా, బ్రిటన్ వైపా? జపాన్ ఎటు? రెండు యుద్ధాలూ కలిపేసుకుని కన్ఫ్యూజ్ అవుతున్నా.

జవాబు: చాలామందికి వచ్చే డౌటే. 1882 నుంచీ ఇటలీ జర్మనీ, ఆస్ట్రియాలతో ఒప్పందంలో ఉంది, కానీ ఎవరైనా తమ మీదకొస్తేనే అది వర్తిస్తుంది, ఇక్కడ ఆస్ట్రియానే వెళ్ళి పడింది కాబట్టి మాకు సంబంధం లేదు అని పక్కన కూర్చుంది. తర్వాత 1915 ఏప్రిల్‌లో లండన్‌లో రహస్య ఒప్పందం జరిగింది, ఆస్ట్రియా చేతిలో ఉన్న ట్రెంటీనో, ట్రియెస్టే లాంటివి ఇస్తామని బ్రిటన్ వాళ్ళు ఆశపెట్టారు, మే నెలలో ఇటలీ వెళ్ళి ఆస్ట్రియా మీదే యుద్ధానికి దిగింది. జపాన్ కూడా ఈ యుద్ధంలో బ్రిటన్ వైపే, 1902 నుంచి వాళ్ళకి పొత్తు ఉంది, ఆ పేరు చెప్పి చైనాలో జర్మనీ చేతిలో ఉన్న చింగ్‌దావ్ రేవునీ, పసిఫిక్‌లో జర్మనీ దీవుల్నీ 1914లోనే లాగేసుకుంది. ఒట్టోమన్ టర్కీ, బల్గేరియా మాత్రం జర్మనీ వైపు చేరాయి. రెండో యుద్ధానికి వచ్చేసరికి ఇటలీ, జపాన్ రెండూ జర్మనీ పక్షానికి మారాయి, మీ కన్ఫ్యూజన్ అక్కడిది.

ప్రశ్న: సయాం, బ్రెజిల్ లాంటి దేశాలు కూడా ఉన్నాయట, నిజమేనా?

జవాబు: నిజమే, రెండూ 1917లో చేరాయి. బ్రెజిల్‌కి కోపం తమ ఓడల్ని జర్మన్ సబ్‌మెరైన్లు ముంచుతున్నాయని, అమెరికా అదే ఏడాది ఏప్రిల్‌లో దిగడానికి కూడా అదే పెద్ద కారణం. సయాంకి, అంటే ఇప్పటి థాయ్‌లాండ్‌కి, పెద్ద దేశాలతో సమానంగా కూర్చోవాలన్న కోరిక. ఇప్పుడు మనం చూసే ఎరుపు, తెలుపు, నీలం థాయ్ జెండా కూడా ఆ ఏడాదే వచ్చింది.

ప్రశ్న: మన దేశం ఎందుకు వెళ్ళింది? మనల్ని ఎవరైనా అడిగారా?

జవాబు: ఎవ్వరూ అడగలేదండీ. లండన్‌లో యుద్ధం ప్రకటించారు, ఆ క్షణం నుంచీ మనం కూడా యుద్ధంలో ఉన్నట్టే. దాదాపు 13 లక్షల మంది మనవాళ్ళు సముద్రాలు దాటి వెళ్ళారు, 70 వేలమందికి పైగా తిరిగి రాలేదు. 1914 సెప్టెంబర్ ఆఖరుకే మొదటి దళాలు ఫ్రాన్స్‌లో మార్సెయ్ రేవులో దిగాయి, ఆ చలికాలం వాళ్ళకి ట్రెంచుల్లోనే గడిచింది, తర్వాతి మార్చిలో న్యూవ్ షాపెల్ యుద్ధంలో చాలామంది పోయారు. ఎక్కువమంది వెళ్ళింది మాత్రం మెసపటేమియాకి, అంటే ఇప్పటి ఇరాక్‌కి, అక్కడ కూట్ అనే ఊళ్ళో నెలల తరబడి ముట్టడిలో తిండిలేక మాడి 1916 ఏప్రిల్‌లో లొంగిపోయిన సైన్యంలో ఎక్కువమంది మనవాళ్ళే, ఖైదీలుగా వాళ్ళు పడిన బాధ చదువుతుంటే కడుపు తరుక్కుపోతుంది. ఢిల్లీలో ఇండియా గేట్ కట్టింది ఇలా పోయిన సైనికుల కోసమే, దాని ముందు ఫొటోలు దిగే వాళ్ళలో ఎంతమందికి తెలుసో.

మనుషులే కాదు, డబ్బు కూడా, 1917లో 10 కోట్ల పౌన్లు మన ఖజానా నుంచి బ్రిటన్‌కి ఇచ్చారు. ఇంత చేస్తే స్వపరిపాలన ఇస్తారని మన నాయకులు చాలామంది ఆశపడ్డారు, గాంధీగారు కూడా 1918లో ఖేడా జిల్లాలో ఊరూరా తిరిగి సైన్యంలో చేరమని చెప్పారు. కానీ 1919 మార్చిలో వచ్చింది విచారణ లేకుండానే జైల్లో పెట్టగలిగే రౌలట్ చట్టం, ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్. దీన్ని నమ్మకద్రోహం అనకుండా ఇంకేమనాలో నాకు తెలీదు.

ప్రశ్న: యుద్ధం 1918లో అయిందా, 1919లో అయిందా? క్విజ్‌లో గొడవైంది.

జవాబు: కాల్పులు ఆగింది 1918 నవంబర్ 11న ఉదయం 11 గంటలకి. జర్మనీతో వెర్సాయ్ సంధి మీద సంతకాలు 1919 జూన్ 28న, అంటే సరయేవో హత్యకి సరిగ్గా ఐదేళ్ళకి. కాబట్టి ప్రశ్న ఎలా అడిగారో చూసుకోవాలి. నవంబర్ 11 తర్వాత కూడా ఆఫ్రికాలో లెట్టో-ఫోర్‌బెక్ అనే జర్మన్ కమాండర్ 25 దాకా లొంగలేదు. చైనా అయితే వెర్సాయ్‌లో సంతకమే పెట్టలేదు, జర్మనీ నుంచి తమకి తిరిగి రావాల్సిన షాండాంగ్ (చింగ్‌దావ్ ఉన్న రాష్ట్రం) హక్కుల్ని జపాన్‌కి రాసిచ్చారని. అమెరికా సెనేట్ కూడా ఒప్పుకోకపోవడంతో వాళ్ళు 1921లో జర్మనీతో విడిగా సంధి చేసుకున్నారు, టర్కీ లెక్క తేలేసరికి 1923 జూలై వచ్చింది, అది స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో.